కసరత్తు – కండరాల అలసట
(మన సంఘ వార్షికోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా ఈ సభలో మాకు చదువు గురించి మాట్లాడే అవకాశం ఇస్తున్నారు. ఈసారి మాత్రం "మాస్టరుగారూ, మన కుర్రవాళ్ళంతా జిమ్ముల చుట్టూ తిరుగుతున్నారు. దాని మీద నాలుగు మంచి మాటలు చెప్పండి" అని కార్యవర్గంవారు కోరారు. మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకొనేవాళ్ళము గాని వస్తాదులము కాము. అయినా కాస్త ఆలోచించి చూస్తే ఈ విద్యకు తెలుగులో ఉన్న మాటలు చాలావరకు మా బడి మాటలే. వస్తాదు అంటే ఉస్తాద్, అనగా గురువు. తాలింఖానా అంటే తాలీం జరిగే చోటు. తాలీం అంటే చదువు చెప్పడం. ఇక కసరత్తు అన్నదానికి మూలం కస్రత్ అనే అరబ్బీ పదం. ఎక్కువగా ఉండడం అని దాని అసలు అర్థం. ఉర్దూలోకి వచ్చేసరికి పదేపదే చేయడం, సాధన చేయడం అనే అర్థం కుదురుకున్నది. ఆ పదేపదే చేయడంలో ఎక్కడ ఆగాలి అన్నదే ఈనాటి మా ప్రసంగ విషయం.

ఒక తండ్రి అడిగిన ప్రశ్న

మా పాత విద్యార్థి ఒకడున్నాడు. పేరు చెప్పము. ఇంటరు అయ్యాక పోలీసు కానిస్టేబులు ఉద్యోగానికి తయారవుదామనుకున్నాడు. మంచి ఆలోచనే. అంతకుముందు అతనికి వ్యాయామం అలవాటు లేదు. మొదటి రోజు సాయంత్రమే స్నేహితులతో పందెం వేసుకొని ఐదువందల బస్కీలు తీశాడు. మర్నాడు తొడలు బిగుసుకుపోయి మెట్లు దిగలేకపోయాడు. "మొదట్లో అంతే, నొప్పి ఉంటేనే కండ పెరుగుతుంది" అని తోటివాళ్ళు ధైర్యం చెప్పారు. మూడోనాటికి తొడలు వాచిపోయాయి, మూత్రం టీ డికాషను రంగులో వచ్చింది. తల్లి భయపడి ఆసుపత్రికి తీసుకువెళ్ళింది. అక్కడ సెలైన్లు ఎక్కించి, కొన్నాళ్ళు ఉంచుకొని పంపించారు. అల్లా దయవల్ల కిడ్నీలు బాగానే ఉన్నాయి.

ఆ కుర్రవాడి తండ్రి మన బెల్లం మార్కెట్టులో కళాసీ. పరామర్శకు వెళ్ళినప్పుడు ఆయన మమ్మల్ని ఒక మాట అడిగాడు. "సాబ్, ముప్పయ్యేళ్ళబట్టి దిమ్మలు మోస్తన్నాను. ఒక్కనాడూ నాకిలాటిది రాలేదు. ఈడు నెత్తిమీద కిలో బరువైనా పెట్టుకోలేదు, ఉత్తినే లేచి కూర్చున్నాడు. ఈడికేటి, ఒక్క పూటకే ఇలగైపోయింది?"

చాలా గొప్ప ప్రశ్న అది. "ఈ కాలం కుర్రాళ్ళకు సత్తువ లేదు" అని తేల్చేయడం సులువు. కానీ అది నిజం కాదు. ఈ ప్రశ్నకు జవాబు వెతికితే కండరాల అలసట గురించి తెలుసుకోవలసినదంతా అందులోనే దొరుకుతుంది.

అలసట అంటే ఏమిటి?

శాస్త్రజ్ఞుల లెక్కలో అలసట అంటే కండరం ఇంతకుముందు చూపిన బలాన్ని ఇప్పుడు చూపలేకపోవడం. విశ్రాంతి ఇస్తే ఆ బలం మళ్ళీ వస్తుంది. కనుక అలసట రోగం కాదు, గాయమూ కాదు. అది శరీరం కట్టుకున్న ఒక కట్ట. చెరువుకు కట్ట ఎందుకో కండకు అలసట అందుకు.

దీన్ని మొట్టమొదట చక్కగా కొలిచినవారిలో ఇటలీలోని ట్యూరిన్ నగరానికి చెందిన ఏంజెలో మొస్సో ముఖ్యుడు. ఆయన ఎర్గోగ్రాఫ్ అనే యంత్రం తయారుచేశాడు. చేతిని బల్లకు కదలకుండా బిగించి, ఒక్క వేలితో తాడుకు కట్టిన చిన్న బరువును లాగి వదలాలి. ఎన్నిసార్లు లాగారో, ఎంత ఎత్తుకు లాగారో కాగితం మీద గీత పడుతుంది. 1891లో అలసట మీద ఆయన గ్రంథం అచ్చయింది. అందులో ఉపాధ్యాయులు సంతోషించే సంగతి ఒకటున్నది. ఆయన తోటి ఆచార్యుడొకరు విద్యార్థులకు మౌఖిక పరీక్షలు జరిపి వచ్చాక అదే వేలితో అదే బరువు లాగితే, ముందుకంటే చాలా తక్కువసార్లే లాగగలిగాడు. వేలు చేసిన పని ఏమీ లేదు, అలసింది మెదడు. పేపర్లు దిద్దిన సాయంత్రం బియ్యం బస్తా జరపలేమంటే మా ఇంట్లో నమ్మరు. ఇకమీదట మొస్సోగారి సాక్ష్యం చూపిస్తాము.

నవ్వుకోవడానికి చెప్పినా ఇందులో పాఠం ఉన్నది. అలసట రెండు చోట్ల పుడుతుంది. ఒకటి కండరంలో, రెండవది కండరానికి ఆజ్ఞలిచ్చే మెదడులో, నరాలలో. నిద్ర చాలనివాడు, బెంగతో ఉన్నవాడు మామూలుగా ఎత్తే బరువునే ఎత్తలేకపోవడానికి కారణం ఇదే.

ఇక కండరంలో జరిగేది చూద్దాము. కండరానికి ఇంధనం ఎ.టి.పి. అనే పదార్థం. అది నిలవ ఉండేది చాలా కొద్ది. ఖర్చయిన దాన్ని వెంటనే భర్తీ చేయడానికి ఫాస్ఫోక్రియాటిన్ అని మరొక నిలవ ఉంటుంది. ఇది చేతిఖర్చుకు జేబులో పెట్టుకున్న డబ్బులాంటిది. పూర్తి బలంతో పనిచేస్తే సుమారు పది సెకన్లలోనే చాలావరకు కరిగిపోతుంది. విశ్రాంతి ఇస్తే అరనిమిషంలో ఇంచుమించు సగం, మూడు నుంచి ఐదు నిమిషాలలో దాదాపు అంతా తిరిగి నిండుతుంది. బరువు ఎత్తేవాళ్ళు మధ్యలో ఎంతసేపు ఆగాలి అన్న ప్రశ్నకు మూలం ఈ లెక్కలోనే ఉన్నది.

చాలాకాలం అలసటకు లాక్టిక్ ఆమ్లమే దోషి అనుకున్నారు. కండరాలలో వేడి, లాక్టిక్ ఆమ్లం మీద చేసిన పరిశోధనలకు ఎ.వి. హిల్, ఒట్టో మేయర్‌హాఫ్ అనేవారికి 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది. వారి పని గొప్పదే. కానీ తర్వాతి పరిశోధనలలో, ఇంధనం ఖర్చయినప్పుడు పేరుకుపోయే ఫాస్ఫేటు, కండరంలో కాల్షియం విడుదల తగ్గిపోవడం, పొటాషియం అటూఇటూ కావడం వంటివి ముఖ్య కారణాలని తేలింది. మర్నాడు వచ్చే నొప్పికైతే లాక్టిక్ ఆమ్లానికి సంబంధమే లేదు. అది పని ఆపిన గంటలోపే ఇంచుమించు కరిగిపోతుంది. నొప్పేమో ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదురుతుంది. ఈ రెండూ వేరువేరు అని అమెరికాలో థియోడర్ హఫ్ 1902లోనే రాశాడు. అయినా "లాక్టిక్ ఆసిడ్ పట్టేసింది" అనే మాట జిమ్ములలో నేటికీ వినబడుతూనే ఉన్నది.

కసరత్తులో రకాలు – అలసటలో రకాలు

సోదరులారా, బరువు ఒక్కటే అయినా దానితో చేసే పని రకాన్ని బట్టి అలసట మారిపోతుంది.

మొదటిది కదలకుండా పట్టి ఉంచడం. మన ఉత్తరాంధ్ర గర్వించే కోడి రామమూర్తి నాయుడుగారు వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగారు. ఆయన కూడా మొదట వ్యాయామోపాధ్యాయులే. తరువాత సర్కసు కంపెనీ నడిపి, మోటారుకార్లను కదలనీయకుండా గొలుసులతో పట్టి నిలిపేవారని, ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకొనేవారని పెద్దలు చెప్పుకుంటారు. 1942లో ఆయన కన్నుమూశారు. విశాఖ బీచి రోడ్డులో వారి విగ్రహం మనలో చాలామంది చూసే ఉంటారు. అలా పట్టి ఉంచేటప్పుడు బిగిసిన కండరం తన రక్తనాళాలను తానే నొక్కేస్తుంది. రక్తం అందక తొందరగా చేతులెత్తేస్తుంది. పూర్తి బలంతో కొన్ని సెకన్లు, సగం బలంతో సుమారు ఒక నిమిషం మాత్రమే నిలపగలము. అదే బలంలో పదిహేను శాతం లోపు అయితే చాలాసేపు ఉండగలము. ఈ రకంలో ఊపిరి బిగపడితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. బి.పి. ఉన్న పెద్దలు దీని జోలికి డాక్టరు సలహా లేకుండా పోరాదు.

రెండవది తక్కువసార్లు ఎక్కువ బరువు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరం సిడ్నీ ఒలింపిక్సులో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారత మహిళ ఆమె. ఇలాంటి సాధనలో ఒక విడతకు ఒకటి నుంచి ఐదుసార్లు ఎత్తుతారు. మధ్యలో మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగుతారు. ఆ ఆగడం బద్ధకం కాదు, మేము చెప్పిన చేతిఖర్చు డబ్బు మళ్ళీ జేబులోకి రావడానికి. ఈ పద్ధతిలో కండరంలో మంట తక్కువ. మెదడు, నరాలు, కీళ్ళ మీద ఒత్తిడి ఎక్కువ.

మూడవది ఎక్కువసార్లు తక్కువ బరువు. మన దండీలు, బస్కీలు ఈ తెగవే. గామా పహిల్వాన్ రోజుకు వేలల్లో తీసేవాడని ప్రసిద్ధి. 1910లో లండనులో జిబిస్కో అనే మహాకాయుడితో రెండున్నర గంటలకు పైగా పట్టుపట్టి సమంగా నిలిచాడు. 1928లో పటియాలాలో అదే జిబిస్కోను నిమిషం లోపే చిత్తు చేశాడు. అయితే ఆయన చిన్నతనం నుంచి అఖాడాలో పెరిగినవాడు. ఆ వేల సంఖ్య ఏళ్ళ తరబడి మెట్టుమెట్టుగా పెరిగిన సంఖ్య. మన కుర్రవాళ్ళు ఆ సంఖ్యను చూస్తున్నారు గాని ఆ ఏళ్ళను చూడడంలేదు.

ఇక్కడ ఒక ఉపయోగకరమైన సంగతి మనవి చేస్తాము. కండ పెరగాలంటే పెద్ద బరువే ఎత్తాలన్న నియమం లేదు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంవారు 2012లో ప్రకటించిన పరిశోధనలో, ఎత్తగల బరువులో 30 శాతంతో ఇక చేయలేనంతవరకు చేసినవారికీ, 80 శాతంతో చేసినవారికీ కండ ఇంచుమించు సమానంగా పెరిగింది. పని మొదట్లో చిన్న కండర తంతువులు చేస్తాయి. అవి అలసినకొద్దీ పెద్దవి వంతు అందుకుంటాయి. అందువల్ల చిన్న బరువైనా చివరికి అన్నిటికీ పని తగులుతుంది. గరిష్ఠ బలం కావాలంటే మాత్రం పెద్ద బరువుదే పైచేయి. ఖరీదైన యంత్రాలు లేని బీద కుటుంబాల పిల్లలకు ఇది శుభవార్తే గదా!

నాలుగవది దించడం. ఇది అందరూ మరిచేది. బరువు ఎత్తినప్పుడు కండరం పొట్టి అవుతూ పనిచేస్తుంది. నెమ్మదిగా దించినప్పుడు సాగుతూ పనిచేస్తుంది. 1952లో లండనులో అబ్బట్, బిగ్లండ్, రిచీ అనే ముగ్గురు రెండు సైకిళ్ళను వీపులు ఎదురుగా ఉండేట్టు అమర్చి ఒకే గొలుసుతో కలిపారు. ఒకరు ముందుకు తొక్కాలి, రెండవవారు వెనక్కు తిరిగే పెడళ్ళను అడ్డుకోవాలి. ఇద్దరి కాళ్ళ మీదా బలం ఒక్కటే. కానీ అడ్డుకునేవారికి ప్రాణవాయువు ఖర్చు చాలా తక్కువ. ఈ ప్రదర్శనలో చిన్న శరీరంగల స్త్రీ ఒక భారీ మనిషిని సునాయాసంగా అలసిపోయేట్టు చేసింది.

దించడం ఇంత చవకైనప్పుడు మంచిదే గదా అనుకోవచ్చు. చిక్కంతా అక్కడే ఉన్నది. సాగుతూ పనిచేసిన కండరంలోనే సూక్ష్మమైన చిరుగులు ఎక్కువ పడతాయి. మర్నాటి నొప్పికి అసలు కారణం అది. శంకరంలో బొజ్జన్నకొండకు పిల్లలను విహారయాత్రకు తీసుకువెళ్ళినప్పుడు చూడండి. ఆయాసం ఎక్కేటప్పుడు వస్తుంది. తొడల నొప్పి మాత్రం మర్నాడు, దిగినందుకు వస్తుంది.

ఐదవది, ఏ బరువుతోనైనా సరే ఇక ఒక్కసారి కూడా ఎత్తలేనంతవరకు లాగించడం. నేటి జిమ్ములలో దీనికి మహా గౌరవం. కానీ పరిశోధనలను కలిపి చూస్తే, మరి రెండు మూడుసార్లు ఎత్తగల శక్తి ఉండగానే ఆపినవారికి బలం దాదాపు అంతే పెరుగుతున్నది. ప్రతిసారీ చివరంటా లాగించినవారికి కోలుకోవడానికి మరో రోజు, రెండు రోజులు ఎక్కువ పడుతున్నది. ఫలం అంతే, ఖర్చు ఎక్కువ. ఇది ఏ బేరగాడైనా ఒప్పుకొనే బేరమా?

తండ్రికి జవాబు

ఇప్పుడు ఆ కళాసీ సోదరుని ప్రశ్నకు వద్దాము.

తండ్రి దిమ్మ ఎత్తుకొని నడుస్తాడు, అట్టి మీద వేస్తాడు, ఖాళీ చేతులతో వెనక్కు వస్తాడు. ఆ వెనక్కు వచ్చే నడకే ఆయనకు విశ్రాంతి. ప్రతి మోతకూ మధ్య కండరానికి ఊపిరి అందుతున్నది. ఈ సంగతిని విదేశాలలో ఇప్పుడు ఒక ప్రత్యేక పద్ధతిగా నేర్పుతున్నారు. పది ఎత్తులు ఏకబిగిన కాకుండా, రెండు మూడు ఎత్తులకొకసారి కొన్ని సెకన్లు ఆగితే అలసట తక్కువ, ప్రతి ఎత్తులో బలం ఎక్కువ అని. మన మార్కెట్టులో ఆ పద్ధతి ఎవరూ నేర్పకుండానే నడుస్తున్నది.

రెండవ కారణం, ఆయన బరువును బారెడు లోతుకు నెమ్మదిగా దించుతూ వందలసార్లు కూర్చోవడంలేదు. కుర్రవాడు చేసింది సరిగ్గా అదే. బస్కీలో కూర్చునే ప్రతిసారీ ఒంటి బరువంతా తొడ కండరాలు సాగుతూ దించాయి. కిలో బరువు కూడా పెట్టుకోలేదని తండ్రి అన్నాడు. కానీ తన ఒంటి బరువునే ఐదువందలసార్లు దించాడు.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. కండరానికి జ్ఞాపకం ఉన్నది. ఒకసారి కొద్దిగా నొప్పి పుట్టేంత పని చేసి కోలుకుంటే, అదే పని మళ్ళీ చేసినప్పుడు దెబ్బ చాలా తగ్గుతుంది. ఒక్కసారి చేసిన తేలిక సాధన కూడా కొన్ని వారాలపాటు కాపాడుతుంది. తండ్రికి ముప్పయ్యేళ్ళ కాపుదల ఉన్నది. కొడుకుకు ఒక్క రోజుది కూడా లేదు. కొడుకుది బలహీనత కాదు, తొందర. అతడు మొదటి రోజు ఇరవై బస్కీలు తీసి, రెండు రోజులు ఆగి, ముప్పై తీసి ఉంటే ఏ ఆసుపత్రీ చూడవలసిన అవసరం ఉండేది కాదు.

కొడుకుకు వచ్చినదాన్ని డాక్టర్లు రాబ్డోమయోలిసిస్ అంటారు. కండర కణాలు పగిలి అందులోని మయోగ్లోబిన్ అనే ఎర్రని పదార్థం రక్తంలో కలుస్తుంది. అది కిడ్నీలను దెబ్బతీయగలదు. యుద్ధంలో బాంబులు పడి గోడల కింద నలిగినవారిలో ఇలా కిడ్నీలు చెడిపోవడాన్ని 1941లో లండనులో బైవాటర్స్ అనే వైద్యుడు వివరించాడు. గోడ కూలనవసరం లేదు, అలవాటు లేని ఒంటికి ఒక్క సాయంత్రపు పందెం చాలు. అందులోనూ మన కోస్తా ఎండ, ఉక్క, చెమటలో నీరు పోవడం తోడైతే ప్రమాదం రెట్టింపు.

తల్లులకు ప్రత్యేకంగా మనవి. మామూలు నొప్పి రెండు మూడు రోజులలో తగ్గుముఖం పడుతుంది. అలా కాక కండ వాచిపోయి గట్టిపడినా, కాలో చెయ్యో కదపలేకపోయినా, మూత్రం టీ రంగులోనో కోలా రంగులోనో వచ్చినా ఆ పూటే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. నొప్పి మాత్రలు మీకు మీరే వేయవద్దు. వాటిలో కొన్ని కిడ్నీలకు మరింత చేటు చేస్తాయి.

ఈ సందర్భంలో తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. బడులలో గుంజీలు ఇంకా పూర్తిగా పోలేదు. గుంజీ అంటే బస్కీయే. యాభై, వంద అని నోటితో అనడం తేలిక. విద్యాహక్కు చట్టం 2009 శారీరక శిక్షను నిషేధించింది. చట్టం మాట అలా ఉంచినా, అలవాటు లేని పిల్లవాడి తొడకు అది శిక్షా, కసరత్తా అన్న తేడా తెలియదు. కనుక ఆ అలవాటును మానిపించవలసిన బాధ్యత పెద్దలందరిదీ.

ఆచరణకు కొన్ని మాటలు

రెండవ ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికులను లేపి నడిపించడానికి థామస్ డెలార్మ్ అనే అమెరికా వైద్యుడు బరువులతో చికిత్స మొదలుపెట్టి 1945లో ఆ వివరాలు ప్రకటించాడు. 1948లో వాట్కిన్స్‌తో కలిసి ఒక సులువైన పద్ధతి చెప్పాడు. పదిసార్లు మాత్రమే ఎత్తగల బరువేదో కనుక్కోవాలి. మొదట అందులో సగంతో పదిసార్లు, తర్వాత ముప్పాతికతో పదిసార్లు, చివర పూర్తి బరువుతో పదిసార్లు. నేటి జిమ్ములలో వినపడే "మూడు సెట్లు, పది రెప్పులు" అన్న మంత్రం పుట్టింది ఇక్కడే. అది కండలు తిరిగినవారి కోసం పుట్టలేదు, మంచం పట్టినవారి కోసం పుట్టింది. కనుక వ్యాయామం బలవంతులకే అనుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవారంతా, ఆడవారైనా మగవారైనా, వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలి. ఇంట్లో కుర్చీలోంచి చేయి ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం కూడా వ్యాయామమే.

యువకులకు చెప్పేది ఇది. కానిస్టేబులు పరీక్ష గాని, సైన్యం ర్యాలీ గాని ఉన్నదంటే మూడు నెలల ముందు మొదలుపెట్టండి, మూడు రోజుల ముందు కాదు. మొదటి రెండు వారాలు "ఇంకా చేయగలను" అనిపించినప్పుడే ఆపండి. ఒక కండరానికి గట్టి పని చెప్పాక రెండు రోజులు దానికి సెలవివ్వండి. రాత్రి పన్నెండింటిదాకా ఫోను చూసి, పొద్దున్నే బరువెత్తితే మొస్సోగారి యంత్రం మిమ్మల్ని పట్టేస్తుంది. పందేలు వద్దు.

డబ్బాల పొడుల గురించి కూడా అడుగుతున్నారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార సూచనలలో, కండలు పెంచడానికి ప్రోటీన్ పొడులు వాడవద్దనే చెప్పింది. పప్పు, గుడ్డు, పాలు, చేప, వేరుశెనగ మన వంటింట్లోనే ఉన్నాయి. తండ్రి వారమంతా మోసిన కూలి ఒక డబ్బాకు పోయడం న్యాయమా? పేరు చెప్పకుండా ఇచ్చే ఇంజెక్షన్లు, మాత్రలు అసలే ముట్టకండి.

రంజాన్ నెలలో వ్యాయామం మానాలా అని కొందరు అడిగారు. పూర్తిగా మాననవసరం లేదు. అయితే పగటిపూట బరువైన సాధన, ఎండలో పరుగు పెట్టుకోవద్దు. ఇఫ్తార్ అయ్యాక, నీళ్ళు తాగి ఒళ్ళు కుదుటపడ్డాక చేయండి. బరువూ సంఖ్యా రెండూ తగ్గించుకోండి. ఇఫ్తార్‌కూ సహరీకీ మధ్య నీళ్ళు కొద్దికొద్దిగా పలుమార్లు తాగండి. ఆ నెలలో ఉన్న బలాన్ని నిలబెట్టుకుంటే చాలు, పెంచడం తర్వాత చూసుకోవచ్చు. షుగరు, బి.పి. మందులు వాడేవారు ముందుగా డాక్టరును అడగాలి.

చివరగా మన కళాసీ సోదరులకు. కసరత్తు చేసేవాడికి ఆగే స్వేచ్ఛ ఉన్నది. మోతగాడికి లేదు. లారీ నిండేదాకా ఆగడానికి వీల్లేదు, సీజనులో సెలవు లేదు. కండరం కోలుకునే వేగం కంటె పని వేగం ఎక్కువైతే, ముప్పయ్యేళ్ళ కాపుదల కూడా నడుమునూ మోకాళ్ళనూ కాపాడలేదు. ఒక పెద్దమనిషి మోయదగిన బరువు 55 కిలోలకు మించరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. కావున, సన్నని పెద్దలకు, వర్తక సోదరులకు మా విన్నపం ఒక్కటే. మోతకూ మోతకూ మధ్య ఆ ఖాళీ నడకను తొందరపెట్టకండి. చల్లని నీళ్ళు, నీడ, గంటకొకసారి కాసేపు కూర్చునే వీలు కల్పించండి. అది దానం కాదు, పని సాగడానికి కావలసిన ఇంధనమే.

మన సంఘం తరపున కూడా రెండు పనులు జరిగితే బాగుంటుందని మా ప్రార్థన. ఉద్యోగ పరీక్షలకు తయారయ్యే పిల్లలను ప్రతి ఏటా ఒకసారి డాక్టరుగారితో కూర్చోబెట్టడం ఒకటి. మార్కెట్టులో, లోడింగు పనుల్లో ఉన్న మన సభ్యులకు నడుము, మోకాళ్ళు పరీక్షించే ఒక వైద్య శిబిరం రెండవది. కార్యవర్గంవారు తలచుకుంటే రెండూ పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు.

తాలీం అంటే చదువైనా, సామైనా మా అనుభవంలో సూత్రం ఒక్కటే. రోజూ కొంచెం, మధ్యలో విరామం, మర్నాడు నిన్నటికంటె ఒక మెట్టు పైకి. ఒక్క రాత్రి చదివి పరీక్ష రాసినవాడి చదువు ఎంత నిలుస్తుందో, ఒక్క సాయంత్రం తీసిన బస్కీల బలమూ అంతే నిలుస్తుంది. అలసట మిమ్మల్ని ఆగమన్నప్పుడు సిగ్గుపడకుండా ఆగండి. ఆగినవాడే రేపు మళ్ళీ వస్తాడు.